పరారుణ కిరణములతో ఎంజైముల పరిశీలన

ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోను, 2016 నుండి జనగామ జిల్లాలోను చేరియున్న రఘునాథపల్లి సికింద్రాబాదు–కాజీపేట రైలుమార్గము మీద ఉన్న ఊరు. ఆ ప్రాంతమున ఏ ఊరి రైతు నడిగినను చెరువుకు తూము ఎంత ముఖ్యమో చెప్పగలడు. కాకతీయుల కాలము నుండి ఆ సీమలో సేద్యమునకు చెరువులే ఆధారము. తూము తెరచినపుడు పొలమునకు నీరు పారును. పైరు తడిసిన తరువాత తూము మూయవలెను. సకాలమున తెరువకున్న పైరు ఎండును. సకాలమున మూయకున్న పైరు కుళ్లును, చెరువు ఖాళీయగును. అందుచేతనే ఊరిలో నీటి పంపకము చూచుటకు నీరటి అను పనివాడు ఉండెడివాడు. తెరచుట ఒక పని. మూయుట రెండవ పని. రెండవది మొదటిదానికంటె తక్కువది కాదు.

మానవ శరీరములోని ప్రతి జీవకణమునందును ఇట్టి తూములు కలవు. "పెరుగుము, రెండుగా చీలుము" అను ఆజ్ఞ కణము వెలుపలనుండి వచ్చినపుడు, ఆ ఆజ్ఞను లోపలికి పోనిచ్చుటయు, పని ముగిసిన తరువాత దానిని ఆపుటయు వీని పని. ఇవి మాంసకృత్తులతో నిర్మితమైనవి. ఇవి సంకేతములను అందించు ఎంజైములు. ఈ తూము ఎట్లు మూతపడునో, కొన్ని వ్యాధులలో ఏల మూతపడదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు వాడిన సాధనములలో కంటికి కనబడని ఒక వెలుగు ముఖ్యమైనది. అదియే పరారుణ కిరణము.

రాస్ అను తూము

సంకేత ఎంజైములలో ఎక్కువగా పరిశోధింపబడినది రాస్ అనునది. ఇది 189 అమైనో ఆమ్లములు దండవలె గ్రుచ్చబడి ముడుచుకొనగా ఏర్పడిన చిన్న మాంసకృత్తు. కణపు పొర లోపలి వైపున ఇది అంటిపెట్టుకొని యుండును. దీనిలో ఒక చిన్న గుంట గలదు. ఆ గుంటలో గ్వానోసీన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థము కూర్చున్నపుడు తూము తెరచియున్నట్లు. ఈ పదార్థమునే క్లుప్తముగా జి.టి.పి. అందురు. దీనికి తోకవలె మూడు ఫాస్ఫేటు సముదాయములు వరుసగా ఉండును. వీనిని ఆల్ఫా, బీటా, గామా అని పిలుతురు. చివరనున్న గామా ఫాస్ఫేటు తెగిపోయినచో మిగులునది రెండు ఫాస్ఫేటులు గల జి.డి.పి. అప్పుడు రాస్ ఆకారము కొంచెము మారును, తూము మూతపడును. మరల తెరువవలెనన్న వేరొక మాంసకృత్తు వచ్చి పాత జి.డి.పి.ని వెలికి తీయవలెను. ఆ ఖాళీలో కొత్త జి.టి.పి. చేరును.

కావున తూము మూతపడుట యనగా రసాయనికముగా ఒక్క బంధము తెగుట మాత్రమే. ఒక నీటి అణువు వచ్చి గామా ఫాస్ఫేటును తాకును; బీటాకును గామాకును నడుమనున్న బంధము తెగును. ఊరి తూమునకును దీనికిని ఒక భేదమున్నది. ఊరి తూము బిరడా తనంతట తాను పడదు. రాస్ మాత్రము తన జి.టి.పి.ని తానే తెంచుకొనగలదు. కాని ఈ పని కడు నిదానముగా జరుగును. మానవ శరీరపు ఉష్ణోగ్రత వద్ద ఉన్న రాస్ అణువులలో సగము మూతపడుటకు సుమారు అరగంట పట్టును. కణమునకు అంత ఆలస్యము పనికిరాదు. అందుచేత కణములో నీరటి వంటి మరియొక మాంసకృత్తు గలదు. దాని పేరు గాప్. అది వచ్చి రాస్‌ను పట్టుకొన్నచో అదే పని సుమారు లక్ష రెట్లు వేగముగా, సెకనులో స్వల్పభాగమున ముగియును.

ఈ నీరటి చేయి తూమును అందుకొనలేనపుడు ఏమగును? 1982లో అమెరికాలోని మూడు పరిశోధక బృందములు మానవుని మూత్రాశయపు కాన్సరు కణములలోని రాస్‌ను పరీక్షించి ఆశ్చర్యకరమైన విషయమును కనుగొనెను. 189 అమైనో ఆమ్లములలో పన్నెండవ స్థానమున ఉండవలసిన గ్లైసీన్ బదులు వాలీన్ ఉండెను. ఈ ఒక్క మార్పుచేత తూము తెరచినది తెరచినట్లే ఉండి, కణము విరామము లేక చీలుచుండెను. మానవులకు వచ్చు కాన్సరులలో సుమారు ఐదింట ఒక వంతులో రాస్ కుటుంబమునకు చెందిన ఏదో ఒక మాంసకృత్తులో ఇట్టి దోషము కనబడుచున్నది. ఒక బంధము తెగుట, తెగకపోవుట యను చిన్న విషయము మీద ఒక ప్రాణము ఆధారపడియుండుట ఇందు గమనింపదగినది.

సుబ్బారావు నీలిరంగు

ఫాస్ఫేటు తెగినదా లేదా యని తెలిసికొను మొదటి మంచి పద్ధతులలో ఒకటి తెలుగువాని పేరుతో కూడియున్నది. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా వెళ్లి హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే వద్ద పనిచేసెను. వారిరువురు 1925లో భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. ఆమ్లములో మాలిబ్డేటును కలిపిన ద్రవమునకు ఫాస్ఫేటు చేర్చి, తగిన క్షయకరణ పదార్థమును కలిపినచో నీలిరంగు పుట్టును. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉన్న రంగు అంత ముదురుగా ఉండును. రంగు ముదురును కొలిచి ఫాస్ఫేటు ఎంతయో చెప్పవచ్చును. ఈ పద్ధతి చేతికి వచ్చుటవలననే వారు కండరములలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తరువాత ఎ.టి.పి.ని గుర్తింపగలిగిరి. ఎ.టి.పి. జి.టి.పి.కి తోబుట్టువు, తోకయందలి మూడు ఫాస్ఫేటులు రెండింటికిని ఒక్కటే, తలయందలి క్షారము మాత్రము వేరు. 1929లో ఈ ఎ.టి.పి. వార్త వెలువడెను. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు అదే సంవత్సరమున స్వతంత్రముగా దానిని కనుగొనెను.

రాస్ వంటి ఎంజైమును పరీక్షించుటకు ఈ నీలిరంగును ఎట్లు వాడవచ్చునో చూడుడు. ఎంజైమును, జి.టి.పి.ని ఒక పాత్రలో కలిపి, నిర్ణీత కాలమున కొకసారి కొంచెము ద్రవమును తీసి ఆమ్లములో వేయుదురు. ఆమ్లము తగిలిన వెంటనే ఎంజైము చచ్చును. చర్య అంతటితో ఆగును. అప్పటికి విడిన ఫాస్ఫేటు ఎంతయో రంగు చెప్పును. ఇట్లు చర్య వేగము తెలియును. కాని చర్య జరుగుచున్న సమయమున గుంటలో ఏమి జరిగినది? మూడు ఫాస్ఫేటులలో ఏది ఎట్లు వంగినది? గాప్ వచ్చి ఏమి చేసినది? ఇవి రంగుకు తెలియవు. చెరువులో ఉదయమున ఎంత నీరున్నదో, సాయంత్రమున ఎంత నీరున్నదో కొలిచి, తూము ఎట్లు పనిచేయునో చెప్పుమన్నట్లుండును. తూమును చూడవలెనన్న, దానిని చెడగొట్టక, అది పనిచేయుచుండగనే చూడవలెను.

ఎరుపునకు ఆవలి వెలుగు

1800 సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకము గుండా పంపి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకమును ఉంచి చూచెను. ఎరుపు రంగు దాటిన చోట, కంటికి ఏమియు కనబడని తావున, పాదరసము ఇంకను పైకి ఎక్కెను. ఆ కనబడని వెలుగే పరారుణ కిరణము. కంటికి కనబడు వెలుగు తరంగదైర్ఘ్యము మైక్రానులో సుమారు 0.4 నుండి 0.7 వంతు వరకు ఉండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అణువుల పరిశీలనకు ఎక్కువగా ఉపయోగించు పరారుణ కిరణముల తరంగదైర్ఘ్యము 2.5 నుండి 25 మైక్రానుల వరకు ఉండును.

ఈ శాస్త్రమున తరంగదైర్ఘ్యమునకు బదులు, ఒక సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగములు ఇముడునో ఆ సంఖ్యను చెప్పుట వాడుక. దానిని తరంగసంఖ్య అందురు. 10 మైక్రానుల కిరణమునకు సెంటీమీటరులో 1000 తరంగములు ఇముడును. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, అట్టి కిరణము సెకనుకు 30 లక్షల కోట్ల సార్లు ఊగును. అణువులలోని పరమాణువులును ఇంచుమించు ఇంత వేగముతోనే ఊగుచుండును. పరారుణ కిరణము అణువులకు తగినదగుటకు కారణమిదే.

స్ప్రింగు, రాయి

రెండు పరమాణువుల నడుమనున్న బంధమును స్ప్రింగుగా భావింపవచ్చును. స్ప్రింగునకు బరువు కట్టి లాగి విడిచినచో అది ఒక నిర్ణీత వేగముతో పైకి క్రిందికి ఊగును. బిగువైన స్ప్రింగు త్వరగా ఊగును. బరువు ఎక్కువైనచో నిదానముగా ఊగును. బరువును నాలుగు రెట్లు చేసినచో ఒక ఊపునకు పట్టు కాలము రెండు రెట్లగును. ఉయ్యాలను దాని ఊపునకు అనుగుణముగా త్రోసిననే అది ఎత్తుగా ఊగును గదా! అట్లే బంధపు ఊపునకు సరిపోవు పౌనఃపున్యము గల కిరణమును మాత్రమే ఆ బంధము శోషించును. అయితే ఊగునపుడు అణువులోని విద్యుదావేశపు అమరికయు మారవలెను. లేకున్న కిరణము దానిని పట్టుకొనలేదు. గాలిలోని నత్రజని, ఆమ్లజని పరారుణ కిరణములను ఇట్లు శోషింపకపోవుటకు కారణమిదే.

ఒక చిన్న లెక్కవలన ఈ విషయము స్పష్టమగును. కర్బన మోనాక్సైడు అణువులో ఒక కర్బన పరమాణువు, ఒక ఆమ్లజని పరమాణువు ఉండును. దాని తరంగసంఖ్య 2143. సాధారణపు ఆమ్లజని భారము 16. దానికి బదులు 18 భారము గల బరువైన ఆమ్లజనిని పెట్టినచో ఏమగును? బంధపు బిగువు మారదు. భారము మాత్రమే మారును. రెండు పరమాణువులు కలిసి ఊగునపుడు లెక్కకు తీసికొనవలసిన భారము, వాని భారముల గుణలబ్ధమును మొత్తముచే భాగించగా వచ్చునది. మొదటి అణువునకు 12ను 16చే గుణించి 28చే భాగింపగా 6.86, రెండవదానికి 12ను 18చే గుణించి 30చే భాగింపగా 7.2. మొదటిదానిని రెండవదానిచే భాగించి వర్గమూలము తీసినచో 0.976 వచ్చును. 2143ను దీనిచే గుణించిన సుమారు 2092 వచ్చును. ప్రయోగశాలలో కొలిచినపుడును 2092 అనియే వచ్చినది. ఒక్క పరమాణువు బరువు మార్చినచో, ఆ పరమాణువు ఉన్న బంధపు గుర్తు మాత్రమే వర్ణపటమున జరుగును. వేలకొలది పరమాణువుల నడుమ కావలసిన ఒక్క బంధమును గుర్తుపట్టుటకు ఇంతకంటె మంచి ఉపాయము అరుదు.

అణువుల ఊపులను వెలుగుతో చదువు విద్యలో తెలుగువారి కృషియు తక్కువది కాదు. 1928లో సర్ సి. వి. రామన్ కనుగొనిన ఫలితము కూడ అణువుల ఊపులనే మరియొక మార్గమున తెలుపును. ఆయన వద్ద పనిచేసిన సూరి భగవంతము కృష్ణా జిల్లాలో 1909లో జన్మించెను. వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా ఉండి 1940లో రామన్ ఫలితముపై ఒక ప్రామాణిక గ్రంథమును వ్రాసెను. అణువు ఆకృతినిబట్టి ఏ ఊపులు పరారుణ కిరణములకు పట్టుబడునో, ఏవి రామన్ పద్ధతికి పట్టుబడునో గణితముచే తేల్చు విధానమును టి. వెంకటరాయుడుతో కలిసి 1948లో మరియొక గ్రంథమున వివరించెను. 1952 నుండి 1957 వరకు ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున కె. నరహరిరావు పరారుణ వర్ణపటములను మిక్కిలి సూక్ష్మముగా కొలుచు పనిలో పేరుపొందెను. పరారుణ ప్రాంతమున తరంగదైర్ఘ్యపు ప్రమాణములను గురించి ఆయన మరి ఇద్దరితో కలిసి వ్రాసిన గ్రంథము 1966లో వెలువడినది.

మూడు అడ్డంకులు

కర్బన మోనాక్సైడులో ఉన్నవి రెండు పరమాణువులు, ఊపు ఒక్కటే. నీటి అణువులో మూడు పరమాణువులు, ఊపులు మూడు. రాస్‌లో సుమారు మూడువేల పరమాణువులు కలవు. ఊపులు తొమ్మిదివేలకు తక్కువ కాదు. అవి అన్నియు ఒకదానిపై ఒకటి పడి, వర్ణపటమున కొండలవలె కలిసిపోవును. మాంసకృత్తు వెన్నెముక వంటి దండలోని కర్బన–ఆమ్లజని బంధములన్నియు 1650 ప్రాంతమున ఒకే గుంపుగా కనబడును. ఫాస్ఫేటులు 1000 నుండి 1300 వరకు గల ప్రాంతమున కనబడును. ఈ గుంపులో ఒక్క గామా ఫాస్ఫేటును గుర్తుపట్టుట మొదటి అడ్డంకి.

రెండవది నీరు. ఎంజైములు నీటిలోనే పనిచేయును. నీరేమో పరారుణ కిరణములను విపరీతముగా శోషించును. మూడవది కాలము. గాప్ తోడున్నచో చర్య సెకనులో స్వల్పభాగమున ముగియును. రెండు ద్రవములను చేతితో కలుపులోపలనే అంతయు అయిపోవును.

రెండవ అడ్డంకికి పరిష్కారము పలుచదనము. ద్రవమును కొద్ది మైక్రానుల మందమునకు మించని పొరగా రెండు బిళ్లల నడుమ నొక్కుదురు. తల వెంట్రుక మందము దీనికి ఎన్నో రెట్లుండును. ఈ బిళ్లలు గాజువి కారాదు. గాజు ఈ కిరణములను చాలవరకు ఆపివేయును. ఉప్పు పలకల గుండా కిరణములు చక్కగా పోవును గాని ఉప్పు నీటిలో కరగును. అందుచేత నీటిలో కరగని కాల్షియం ఫ్లోరైడు బిళ్లలను వాడుదురు.

మొదటి అడ్డంకికి పరిష్కారము తీసివేత. నిండు ధాన్యపు బండి మీద కూర్చున్న పిచ్చుక బరువెంతయో తెలియవలెనన్న, పిచ్చుకతో ఒకసారి, పిచ్చుక లేక ఒకసారి బండిని తూచి తీసివేయవలెను. కాని రెండు తూనికల నడుమ బండిలోనుండి ఒక్క గింజయైన రాలరాదు. అట్లే చర్యకు ముందు ఒక వర్ణపటము, తరువాత ఒక వర్ణపటము తీసి, ఒకదాని నుండి మరియొకదానిని తీసివేసినచో మారని వేలకొలది ఊపులు పరస్పరము కొట్టుకొనిపోవును. మారిన బంధములు మాత్రమే మిగులును. ఈ మార్పు మొత్తములో వెయ్యింట ఒక వంతుకు మించకపోవచ్చును. కావున నడుమ బిళ్లలను విప్పుటకు గాని, కొత్త ద్రవమును పోయుటకు గాని వీలులేదు. పొర మందము రవంత మారినను లెక్క చెడిపోవును. మూసిన పొరలోనే, ముట్టుకొనకయే చర్యను ప్రారంభింపవలెను.

ఇందుకు 1978లో అమెరికాలో కాప్లన్, ఫోర్‌బుష్, హాఫ్‌మన్ అను మువ్వురు ఎ.టి.పి.తో చూపిన ఉపాయము దారి చూపినది. తోక చివరి ఫాస్ఫేటునకు ఒక రసాయనిక సముదాయమును తగిలించినచో ఎంజైము దానిని తెంచలేదు. అది పంజరములో పెట్టిన చిలుక వంటిది. అతినీలలోహిత కాంతి ఒక్క మెరుపువలె తగిలినచో ఆ సముదాయము ఊడిపోవును. పంజరపు తలుపు తెరచుకొనును. జి.టి.పి.ని గూడ ఇట్లే పంజరములో పెట్టి రాస్‌తోను, గాప్‌తోను కలిపి పొరగా అమర్చి, మెరుపు వేసినచో అన్ని అణువులలోను చర్య ఒకేసారి ఆరంభమగును. దీనితో మూడవ అడ్డంకియు సగము తొలగెను.

మిగిలిన సగమును పరికరము తొలగించినది. పాత పరికరములలో ఒక్కొక్క తరంగదైర్ఘ్యమును వరుసగా కొలుచుటకు నిమిషములు పట్టెడిది. 1881లో మైకెల్‌సన్ నిర్మించిన పరికరమున వెలుగును రెండు పాయలుగా చీల్చి, కదలు అద్దము, కదలని అద్దము మీదినుండి తిప్పి మరల కలుపుదురు. అద్దము కదలుచుండగా అన్ని తరంగములును కలిసి ఒకే హెచ్చుతగ్గుల గీతగా నమోదగును. ఫ్రెంచి గణితవేత్త ఫూరియే 1822లో ప్రకటించిన గణితముచే ఆ గీతను విడదీసినచో వర్ణపటమంతయు ఒక్కసారిగా వచ్చును. ఈ లెక్కను గణనయంత్రము క్షణములో చేయును. అందుచేత సెకనులో వందవ వంతు కాలమున ఒక సంపూర్ణ వర్ణపటము తీయుట సాధ్యమైనది. వరుసగా తీసిన వర్ణపటములు చలనచిత్రపు బొమ్మలవలె చర్యను ఆద్యంతము చూపును.

ఏమి కనబడినది?

జర్మనీలోని బోకుం నగరమున రూర్ విశ్వవిద్యాలయములో క్లౌస్ గెర్‌వెర్ట్ బృందము ఈ పద్ధతిని రాస్‌పై ప్రయోగించినది. ఎక్స్ కిరణములతో రాస్ స్ఫటిక నిర్మాణమును తెలిపిన వారిలో ముఖ్యుడగు ఆల్‌ఫ్రెడ్ విట్టింగ్‌హోఫర్ వారికి తోడ్పడెను. బరువైన ఆమ్లజనిని ఒక్కొక్క ఫాస్ఫేటునందు చేర్చి, ఏ గుర్తు జరుగునో చూచి, మూడు ఫాస్ఫేటులను వేరువేరుగా గుర్తించిరి. రాస్ గుంటలో గామా ఫాస్ఫేటు గుర్తు సుమారు 1143 వద్దను, బీటాది 1215 ప్రాంతమునను, ఆల్ఫాది 1263 ప్రాంతమునను ఉండును.

1998లో ప్రకటింపబడిన మొదటి ఫలితమిది. నీటిలో స్వేచ్ఛగా ఉన్న జి.టి.పి.తో పోల్చిన, రాస్ గుంటలో కూర్చున్న జి.టి.పి.లో బీటా ఫాస్ఫేటు గుర్తు తక్కువ సంఖ్య వైపునకు జరిగియుండెను. తక్కువ సంఖ్య యనగా వదులైన స్ప్రింగు. బీటా ఫాస్ఫేటునందలి ఆమ్లజనుల వైపునకు ఋణ విద్యుదావేశము లాగబడుటవలన ఇట్లగుచున్నది. బంధము తెగిన తరువాత జి.డి.పి.లో ఆవేశము ఎట్లుండునో, తెగకముందే ఆ అమరికకు జి.టి.పి. కొంతవరకు తేబడుచున్నదని దీని అర్థము. చెట్టును నరుకువారు అది పడవలసిన వైపునకు ముందే త్రాటితో లాగి పట్టుకొందురు. రాస్ చేయుచున్నది ఇంచుమించు ఆ పనియే.

గాప్ ఏమి చేయును? 1997లో వెల్లడియైన స్ఫటిక నిర్మాణములో గాప్ తన ఆర్జినీన్ అను అమైనో ఆమ్లమును వ్రేలివలె చాచి రాస్ గుంటలో పెట్టినట్లు కనబడెను. ఆర్జినీన్ ధనావేశము గలది. 2001లో ప్రకటింపబడిన పరారుణ పరిశీలనలో, గాప్ చేరిన తరువాత ఆవేశము బీటా వైపునకు ఇంకను జరుగుట కనబడెను. స్ఫటికము నిలిచిన బొమ్మ. పరారుణ వర్ణపటము కదలు బొమ్మ. రెండును కలిసినపుడే నీరటి చేతిలోని కిటుకు తెలిసినది. పన్నెండవ స్థానములోని గ్లైసీన్ అన్ని అమైనో ఆమ్లములలో చిన్నది. అక్కడ వాలీన్ వంటి పెద్దది వచ్చినచో ఆర్జినీన్ వ్రేలు సరియైన స్థానమున ఇమడదు. 1982లో కనుగొనిన ఒక్క అక్షరపు తప్పునకు ఇంతటి ఫలితమేల కలిగెనో దీనివలన బోధపడును.

2006లో మరియొక విశేషము వెల్లడియైనది. గాప్ సమక్షమున బంధము తెగిన వెంటనే గామా ఫాస్ఫేటు నీటిలోనికి పోదు. కొంత తడవు మాంసకృత్తు పట్టులోనే నిలిచియుండును. ఆ స్థితిలో అది తిరిగి అంటుకొనుటయు సంభవమే. అది విడిపోయి బయటకు పోయిననే తూము నిశ్చయముగా మూతపడును. ఆమ్లములో వేసి రంగు చూచు పద్ధతికి ఈ నడిమి దశ ఎన్నడును అందదు; ఆమ్లము తగిలినంతనే మాంసకృత్తు పట్టు విడిపోవును గదా. రంగు ఫాస్ఫేటును లెక్కపెట్టినది. పరారుణ కిరణము అది ఎక్కడున్నదో చూపినది.

చికిత్సకు దారి

ఎంతోకాలము రాస్ మందులకు లొంగదని వైద్యులు భావించిరి. దాని ఉపరితలము నున్నగా ఉండుట, జి.టి.పి.ని అది మిక్కిలి గట్టిగా పట్టుకొనుట ఇందుకు కారణములు. పన్నెండవ స్థానమున సిస్టీన్ అను అమైనో ఆమ్లము చేరిన రాస్‌పై మాత్రము ఒక మార్గము దొరికినది. ఆ సిస్టీన్‌కు అంటుకొని, తూమును మూసిన స్థితియందే బిగించు సోటోరాసిబ్ అను మందు 2021లో అమెరికాలో ఒక విధమైన ఊపిరితిత్తుల కాన్సరునకు అనుమతింపబడెను. ఇట్టి రాస్ కొంత కొంతగానైన తనంతట మూతపడుచుండుటవలననే ఈ మందు పనిచేయగలుగుచున్నది. తూము మూతపడు విధము తెలియుట ఎంత ప్రయోజనకరమో దీనివలన స్పష్టమగుచున్నది. అయితే ఇది ఒక్క విధమైన దోషమునకే తగిన మందు. మిగిలిన దోషములకు పరిశోధన సాగుచున్నది.

పరారుణ పద్ధతికి హద్దులును కలవు. అది బంధముల బిగువును చెప్పును గాని, అణువు ఆకృతిని నేరుగా గీసి చూపదు. అందుకు స్ఫటికములు కావలెను. గుర్తులు ఏల జరిగినవో వివరించుటకు గణనయంత్రముల లెక్కలు కావలెను. పలుచని పొరలో ఇముడుటకు ఎంజైమును చిక్కగా కలుపవలెను. జీవకణములో అది అంత చిక్కగా ఉండదు. ఒక పద్ధతి చెప్పినదానిని మరియొక పద్ధతితో సరిచూచుట శాస్త్రమునకు నియమము.

పాఠశాలలో చేయదగినవి

రఘునాథపల్లి వంటి ఊరి ఉన్నత పాఠశాలలో పరారుణ వర్ణపటమాపకము ఉండదు. అయినను ఈ విషయములోని మూలసూత్రములను ఉపాధ్యాయులు సులభముగా చూపవచ్చును. ఒక స్ప్రింగునకు 100 గ్రాముల బరువు కట్టి 20 ఊపులకు పట్టు కాలమును కొలిపింపవలెను. తరువాత 400 గ్రాములు కట్టి మరల కొలిపింపవలెను. కాలము ఇంచుమించు రెట్టింపగుట విద్యార్థులే కనుగొందురు. స్ప్రింగు సొంత బరువువలన కొంచెము తేడా వచ్చిన, ఆ తేడాకు కారణమును వారినే ఆలోచింపనీయవలెను. పిమ్మట కర్బన మోనాక్సైడు లెక్కను నల్లబల్ల మీద చేయించినచో, తూకపు రాళ్లకును పరమాణువులకును సూత్రము ఒక్కటేయని వారికి తోచును.

టెలివిజను దూరనియంత్రకము మీట నొక్కి, దాని చివరను చరవాణి కెమెరా గుండా చూచినచో, కంటికి కనబడని వెలుగు తెరపై మెరయుట చాల చరవాణులలో కనబడును. అది ఎరుపునకు దాపుననున్న పరారుణ కిరణము. అణువులను చదువు కిరణములు ఇంకను ఆవల ఉండును. వానిని ఈ కెమెరా పట్టలేదు. ఈ భేదమును గూడ చెప్పవలెను.

హెర్షెల్ ఉష్ణమాపకము నుండి గెర్‌వెర్ట్ పరికరము వరకు గడచినది దాదాపు రెండువందల ఏండ్లు. ఈ నడుమ భాస్వరమును నీలిరంగుతో కొలిచిన సుబ్బారావు తరువాతి కాలమున కాన్సరు మందుల వైపునకు మరలెను. ఆయన నాయకత్వమున తయారైన అమైనాప్టెరిన్ అను మందుతో రక్తపు కాన్సరు గల పిల్లలకు తాత్కాలికముగా ఉపశమనము కలిగెనని 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు ప్రకటించెను. అదే సంవత్సరమున సుబ్బారావు మరణించెను. ఆయన కొలిచిన ఫాస్ఫేటే ఈనాడు కాన్సరు రహస్యములలో ఒకదానికి తాళపుచెవి యైనది. స్ప్రింగు లెక్కను శ్రద్ధతో చేయు విద్యార్థికి ఆ పరిశోధన ఎంతో దూరమున లేదు.